నల్గొండలో ఒక చలివేంద్రం: కట్టిన తీరు, చెడినవి, మార్చినవి

చలివేంద్రం తెరవడం తేలికే. ఉగాదికి కుండలు వస్తాయి, పూలదండ పడుతుంది, కొబ్బరికాయ కొడతారు. మే నెల నడిమికి చూస్తే అవే కుండలు ఎండిపోయి, అడుగున నాచుతో, పక్కన ఒక సొట్ట గ్లాసుతో కనబడతాయి. 2015 మేలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో కూలిపనికి పోయినవాళ్లు, ముసలివాళ్లు ఎక్కువ. నీళ్లు ఉండాల్సింది ఆ మే నెలలోనే.

మా వీధివాళ్లం, ఆటో స్టాండు అన్నలు కలిసి నల్గొండలో బస్సులు ఆగే ఒక మలుపు దగ్గర ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా చలివేంద్రం నడిపాం. ఇలాంటిదే పెట్టాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ధరలు మాకు పడినవి, మీ దగ్గర కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

దశ 1: చోటు, నీడ

మొదట రోడ్డుకు అవతల వేపచెట్టు కింద పెట్టాం. చల్లగా ఉంది, ఖర్చు లేదు, అందరూ మెచ్చుకున్నారు. నీళ్లు మాత్రం కదల్లేదు. పొద్దున నింపిన నాలుగు రంజన్లలో (పెద్ద మట్టికుండల్లో) సాయంత్రానికి రెండున్నర మిగిలేవి. జనం బస్సు కోసం నిలబడేది ఇవతలి పక్కన. సంచులు, పిల్లలు, ఎప్పుడొస్తుందో తెలియని బస్సు, వీటన్నిటినీ వదిలి దాహం కోసం రోడ్డు దాటేవాళ్లు ఉండరు. ఇవతలికి, బస్సు ఆగేచోటికి 40 అడుగుల దూరంలోకి మార్చాం. ఆ వారంలోనే మధ్యాహ్నం రెండింటికి కుండలు ఖాళీ కావడం మొదలైంది.

మార్చేముందు చేసినవి:

1. మున్సిపల్ ఆఫీసులో ఒక కాగితం ఇచ్చాం.
2. ట్రాఫిక్ కానిస్టేబుల్‌ను పిలిచి చూపించాం. తారు అంచు నుంచి ఆరడుగులు వదలమన్నాడు, వదిలాం.
3. వెనకున్న షాపాయనతో కూర్చుని మాట్లాడాం. ఆయన గిరాకీకి అడ్డం కాకుండా నాలుగడుగుల దారి వదిలాం.

ఇవతల చెట్టు లేదు కాబట్టి సర్వీ కర్రలు పాతి పైన గ్రీన్ నెట్ కట్టాం, 75 శాతం నీడనిచ్చే రకం. ఒక దాత మూడువైపులా కట్టుకోమని ఫ్లెక్సీలు ఇచ్చాడు. అవి కట్టాక కుండలో నీళ్లు వేడెక్కాయి. వంటింటి థర్మామీటరు పెట్టి చూస్తే బయట 42 డిగ్రీలున్నప్పుడు నీళ్లు 33. మట్టికుండ చల్లబడేది దాని ఒంటి మీది తడి ఆరడం వల్ల. గాలి తగలకపోతే ఆ తడి ఆరదు. ఫ్లెక్సీలు తీసేసి పడమటి ఎండకు మాత్రం వెదురు తడక కట్టాం. అదీ కింద రెండడుగులు ఖాళీ వదిలి. మర్నాడు అదే వేళకు నీళ్లు 28. దాతకు ఆ థర్మామీటరే చూపించాం, ఆయన ఇంకోమాట అనలేదు, పైగా తడక డబ్బు తానే ఇచ్చాడు.

కర్రలు 1,080, నెట్ 900, తాళ్లు 220, తడక 450.
ఇప్పటిదాకా: 2,650 రూపాయలు.

దశ 2: ఏ నీళ్లు?

నల్గొండలో ఈ ప్రశ్న దాటేసి పోలేం. ఫ్లోరైడ్ నీళ్లకు కాళ్లూ చేతులూ వంకరపోయిన మనుషులు ఈ జిల్లా ఊళ్లలో ఇంకా ఉన్నారు. నీటిలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టిందంటే బాధ ఎంతదో తెలుస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషికి నీళ్లిస్తున్నప్పుడు, ఆ మనిషి అడగలేని ప్రశ్న మనమే వేసుకోవాలి.

మూడు రకాలు చూశాం.

బోరు నీళ్లు: టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పుల లెక్క, లీటరుకు 1,400 మిల్లీగ్రాములు. ల్యాబులో ఫ్లోరైడ్ కూడా హద్దు దాటింది. తాగునీటి ప్రమాణాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లు గ్లాసులు తొలి కడుగుడుకు పెట్టుకున్నాం, అంతే.

ప్లాంటు క్యాన్ నీళ్లు: టీడీఎస్ 40. రుచి బాగుంది. కానీ వాటిలో క్లోరిన్ ఉండదు. నోరు తెరిచిన కుండలో పోసి పదిమంది చేతులు తగిలితే కాపాడేదేమీ లేదు.

నల్లా నీళ్లు: కృష్ణా నుంచి శుద్ధి చేసి వచ్చేవి. టీడీఎస్ 380. క్లోరిన్ పరీక్షించే చుక్కల మందు వేసి చూస్తే పసుపు రంగు వచ్చింది, అంటే క్లోరిన్ ఉంది. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలన్నది ప్రమాణం, పొద్దున నింపేటప్పుడు 0.5 ఉండేది. ఇవే ఖాయం చేసుకున్నాం.

చిక్కు సాయంత్రం బయటపడింది. అదే కుండలో ఆరు గంటలకు చుక్క వేస్తే రంగు రాలేదు. మట్టిలో, ఎండలో, గాలిలో క్లోరిన్ పోతుంది. అందుకని రాత్రి మిగిలిన నీళ్లు మర్నాటికి ఉంచడం మానేశాం. సాయంత్రం కుండలు వంచి, కడిగి, బోర్లించాలి. వంచిన నీళ్లు పశువుల తొట్టిలోకి, మొక్కలకు. ఆ తొట్టిని కూడా ప్రతి శుక్రవారం ఎండగట్టాం, దోమలు పెరగకుండా.

ఐసుగడ్డలు తెస్తామని ఒకరిద్దరు ముందుకొచ్చారు. ఫ్యాక్టరీ ఐసు ఏ నీళ్లతో చేశారో తెలియదు కాబట్టి వద్దన్నాం.

టీడీఎస్ మీటరు 450, క్లోరిన్ కిట్ 350, ల్యాబు ఫీజు, ఆటో కలిపి 300.
ఇప్పటిదాకా: 3,750 రూపాయలు. పోసిన నీళ్లు: 1,500 లీటర్ల దరిదాపు.

దశ 3: రంజన్లు

పాతిక లీటర్లవి నాలుగు. కొత్త రంజన్‌ను ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మర్నాడు మళ్లీ నింపి పారబోయాలి. అప్పటికిగానీ మట్టి వాసన తగ్గదు. వేలి కణుపుతో తడితే ఖంగున మోగాలి, మొద్దుగా మోగితే లోపల సన్నటి నెర్రె ఉన్నట్టే. ఈ తట్టి చూడటం కుమ్మరి అన్నే నేర్పించాడు.

గోనెసంచి చుట్టి తడపడం అందరూ చెప్పే చిట్కా. రెండు గంటలకోసారి తడిపితే నీళ్లు ఇంకో డిగ్రీ తగ్గుతాయి, నిజమే. తడపడం మరిచి సంచి ఎండితే అదే కుండకు గాలి తగలనివ్వదు, 30 దాటిపోతుంది. పైగా వారానికే ముక్కిన వాసన. సంచులు తీసేశాం.

కింద పోసిన ఇసుక తడి పట్టి కొన్నాళ్లు చల్లదనమిచ్చింది. తర్వాత చుట్టూ బురదై, ఒక పెద్దాయన జారబోయాడు. ఇసుక ఎత్తేసి కంకర పరిచాం.

ఏప్రిల్ చివర్లో నీళ్లు చల్లబడటం తగ్గింది. ఎండ అంతే, గాలి అంతే, మొదట్లో 28 ఉండేవి 31 చూపిస్తున్నాయి. కుండ బయట తెల్లటి పొర కట్టి ఉంది. నీళ్లలోని ఉప్పులు మట్టి రంధ్రాల్లో పేరుకుని, నీరు బయటికి ఊరడం ఆగిపోయింది. చేసిన పని:

1. ఒక కుండ అదనంగా కొన్నాం, రోజూ ఒకటి సెలవు తీసుకునేలా.
2. సెలవు కుండను కొబ్బరి పీచు, నిమ్మచెక్కలతో బయట గట్టిగా రుద్దాం. సబ్బు వద్దు, మట్టి పీల్చుకుంటుంది.
3. రోజంతా ఎండలో ఆరబెట్టి మర్నాడు వరుసలోకి.

నాలుగూ ఒక చుట్టు తిరిగేసరికి మళ్లీ 28, 29కి వచ్చాయి. నెలకోసారి రుద్దితే చాలు.

రంజన్లు 4కు 1,800, పగిలినదాని బదులు ఒకటి, అదనపుది ఒకటి కలిపి 900, చెక్క మూతలు 320, వాడి తీసేసిన గోనెసంచులు 150.
ఇప్పటిదాకా: 6,920 రూపాయలు.

దశ 4: గ్లాసు, నల్లా

ఎక్కువ ఆలోచన పట్టింది ఇక్కడే.

మొదట ఒకరు నిలబడి పొడవాటి కాడ గరిటెతో పోసేవాళ్లం. శుభ్రంగా ఉంటుందని. ఒక మధ్యాహ్నం, రోడ్లు ఊడ్చే అక్క ఒకామె వచ్చి రెండడుగుల అవతలే ఆగింది. ఖాళీ సీసా చేయి చాపి పట్టుకుంది, కుండ వైపు ఒక్క అడుగు కూడా వేయలేదు.

“దగ్గరికి రా అక్కా, నువ్వే పట్టుకో” అంటే,

“వద్దు సార్, మీరే పొయ్యిండ్రి” అంది.

పోశాను. నీళ్లు సీసా మూతి పక్కనుంచి ఆమె మణికట్టు మీదుగా మోచేతి దాకా కారాయి. ఆమె సీసా ఇంకొంచెం దూరంగా జరిపిందే తప్ప గరిటెకు తగలనివ్వలేదు. హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిచిన కాలం మన ఊళ్లలో మరీ పాతదేమీ కాదు. పైనుంచి ఎవరో పోస్తే దోసిలి పట్టి తాగిన ఇళ్లవాళ్లకు ఆ పోత ఏం గుర్తుచేస్తుందో ఆ చేతిని చూస్తే అర్థమైంది. ఆ రాత్రే కూర్చుని, పోసే మనిషే లేకుండా చేయాలని తీర్మానించాం.

తర్వాత మూత తీసి ఎవరికి వారు ముంచుకునేలా పెట్టాం. పన్నెండింటికల్లా నీళ్ల మీద దుమ్ము తెట్టు. గ్లాసుతో పాటు వేళ్లూ మునుగుతాయి. అదీ ఆపేశాం.

మిగిలింది నల్లా. రంజన్‌కు ప్లాస్టిక్ నల్లా ఉంటుంది గానీ ధార సన్నం. లీటరు సీసా నిండటానికి నిమిషం పైనే పట్టేది. బస్సు హారన్ కొడుతుంటే అంతసేపు ఎవరు నిలబడతారు? అర అంగుళం ఇత్తడి నల్లాలు, లోపలా బయటా రబ్బరు వాషర్లతో బిగించాం. అదే సీసా పాతిక సెకన్లకు నిండింది. వాషరు ఒక్కవైపే వేస్తే కారుతుంది, బిగింపు ఎక్కువైతే కుండ పగులుతుంది. మాకు పోయిన కుండ అలా పోయిందే. చేత్తో తిప్పగలిగినంత తిప్పి ఆపండి, స్పానరు వద్దు.

ఆ తర్వాత ఎత్తు. పాత బల్ల మీద పెడితే నల్లా కింద ఎనిమిదంగుళాల ఖాళీయే ఉంది. గ్లాసు పడుతుంది, లీటరు సీసా పట్టదు. వచ్చేవాళ్లలో సగం మంది సీసాతో వస్తారు. వెల్డింగు షాపులో ఇనుప స్టాండు చేయించాం. కొలతలు ఇవి:

1. మూడు నల్లాలు నేల నుంచి 34 అంగుళాలు, కింద ఖాళీ 14 అంగుళాలు.
2. ఒక నల్లా 24 అంగుళాలకు, పిల్లలకు, నడవలేక నేల మీద జరుగుతూ వచ్చేవాళ్లకు.
3. కారిన నీళ్లు పోవడానికి కింద రేకు దోనె, దాని చివర తొట్టి.

ఊడ్చే అక్క ఇప్పుడు పక్క నల్లా దగ్గర కాలేజీ పిల్లలతో పాటే నిలబడి సీసా నింపుకుంటుంది.

గ్లాసుల విషయం. పేపరు గ్లాసులు ముందు తెచ్చాం. సాయంత్రానికి చెత్తకుప్ప, దాంట్లో ఆవుల మూతులు. మానేసి స్టీలు గ్లాసులు పన్నెండు పెట్టాం. గొలుసు కట్టలేదు. కట్టకపోతే పోతాయని అందరూ హెచ్చరించారు. సీజన్ చివరికి తొమ్మిది ఉన్నాయి, మూడు గ్లాసుల కోసం జనాన్ని దొంగల్లా చూడక్కర్లేదు. రెండు టబ్బులు, ఒకదాంట్లో సబ్బు నీళ్లు, రెండోదాంట్లో నల్లా నీళ్లు, తర్వాత తీగ స్టాండు మీద ఎండలో బోర్లింపు.

పేపరు గ్లాసులు 600, స్టీలువి 540, నల్లాలు 5కు 700, స్టాండు 1,600, టబ్బులు, తీగ స్టాండు 340.
ఇప్పటిదాకా: 10,700 రూపాయలు. నీళ్లు: 7,000 లీటర్లు.

దశ 5: తాగకుండా వెళ్లేవాళ్లు

నల్లాలు బాగున్నాయి, నీళ్లు చల్లగా ఉన్నాయి. అయినా పెదాలు ఎండిపోయి కూడా ఇటు రానివాళ్లు కనబడేవాళ్లు. ఒక్కొక్కరినీ అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది.

కూరగాయల గంపతో వచ్చిన ఒక పెద్దమ్మ చాలాసేపు చూసి, “బిడ్డా, నీళ్లకు పైసలెంత?” అంది. బాటిల్ నీళ్లు డబ్బు పెట్టి కొనే కాలంలో ఆ అనుమానం న్యాయమే. బోర్డు మీద దాతల పేర్లు రాసి ఉన్నాయి తప్ప ఊరకే అన్నమాట లేదు. పేర్లన్నీ చెరిపి “నీళ్లు ఊరికే. తాగి పోండి.” అని పెద్దక్షరాల్లో రాయించాం. ఇళ్లు కట్టే పనులకు బీహార్, ఒడిశా నుంచి వచ్చిన కూలీలకు తెలుగు రాదు కాబట్టి పక్కన నల్లా, గ్లాసు బొమ్మ వేయించి, హిందీలో కూడా రాయించాం.

ఆడవాళ్లు రెండు గుక్కలు తాగి ఆపేయడం గమనించింది మా ఆవిడ. ఆమే అడిగింది. “తాగితే యాడికి పోవాలె అక్కా?” అన్నారు. మూత్రానికి చోటు లేదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు మానుకునేవాళ్లు అంతమంది ఉంటారని మాలో మగవాళ్లెవరికీ తట్టలేదు. ఎండలో బరువు మోసేవాళ్లకు గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. అలాంటప్పుడు రెండు గుక్కలు ఏ మూలకు? దగ్గర్లో పెట్రోలు బంకు ఉంది. బంకుల్లో తాగునీళ్లు, టాయిలెట్, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలన్నది రూలు. మేనేజరుతో మాట్లాడితే తాళం తీసి ఉంచుతానన్నాడు, ఉంచాడు కూడా. చలివేంద్రం స్తంభానికి బాణం గుర్తుతో ఒక పలక కట్టాం. చలివేంద్రం పెట్టే ఎవరైనా కుండ కొనేముందు ఈ పలక రాయించండి.

ఇక మనిషి సంగతి. వంతులు వేసుకున్న వాలంటీర్లు మొదటివారం ఉత్సాహంగా వచ్చారు. తర్వాత పెళ్లిళ్లు, పరీక్షలు, ఊరెళ్లడాలు. కుండలు పది గంటల దాకా నిండేవి కావు. నెలకు 4,500 ఇచ్చి దగ్గరి బస్తీలోని ఒక పెద్దమ్మను పెట్టాం. పొద్దున నింపడం, గ్లాసులు కడగడం, సాయంత్రం కుండలు వంచడం ఆమె పని. సేవకు జీతమేంటని కొందరికి నచ్చలేదు. ఎండలో ఎనిమిది గంటలు కూర్చునే ముసలామె శ్రమను ఊరికే తీసుకుని, ఊరికి నీళ్లిచ్చామని ఎలా చెప్పుకుంటాం?

ఆమె వచ్చాక జరిగింది మేం అనుకోనిది. ఆమె పోయదు, గ్లాసు చేతికివ్వదు. కూర్చున్నచోటి నుంచే పిలుస్తుంది. “ఓ కొడకా, మొఖం చూడు ఎట్లయిందో, రెండు గ్లాసులు తాగి పో.” డెలివరీ పిల్లలు బండి ఆపుతారు. బస్సు కిటికీలోంచి సీసాలు బయటికొస్తాయి. ఆమె పక్కనున్న కాలేజీ పిల్లల్ని కేకేస్తే వాళ్లు నింపి అందిస్తారు. రోజుకు 250 లీటర్ల దగ్గర ఆగిన వాడకం రెండు వారాల్లో 400 దాటింది. ఎండ పెరగడమూ ఒక కారణమే. కానీ ఆమె జ్వరంతో రాని రోజుల్లో, అంతే ఎండలో, మళ్లీ 300 దగ్గరికి పడిపోయింది.

బోర్డు 500, జీతం రెండు నెలలకు 9,000.
ఇప్పటిదాకా: 20,200 రూపాయలు. నీళ్లు: 14,000 లీటర్లు.

దశ 6: మజ్జిగ, ఓఆర్ఎస్

మజ్జిగ పొద్దున చిలికి తెస్తే ఒంటిగంటకు పులిసిపోయింది. ఇంటి దగ్గర చిక్కటి పెరుగు, చలివేంద్రం దగ్గర నీళ్లు అని విడగొట్టాం. పది గంటలకు సగం, ఒంటిగంటకు సగం అక్కడే కలిపాం. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు, ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు. పచ్చిమిర్చి పిల్లలు తాగలేకపోతున్నారని తీసేశాం. వారంలో జనం ఎక్కువుండే రోజునే ఇచ్చాం, రోజూ ఇచ్చే స్తోమత లేదు.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆరోగ్య కేంద్రంలో ఊరికే ఇచ్చారు. కళ్లు తిరిగి కూర్చున్నవాళ్లకు చటుక్కున గ్లాసు నీళ్లలో ప్యాకెట్టంతా కలిపి ఇచ్చేస్తుంటారు, అది తప్పు. లీటరు ప్యాకెట్టు లీటరులోనే కలపాలి. అందుకని లీటరు గుర్తున్న సీసా ఒకటి దానికే కేటాయించి, పెద్దమ్మకు చూపించి పెట్టాం. కలిపింది ఆ రోజుకే. మనిషికి తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలన్నది కూడా ఆటో అన్నలందరికీ చెప్పి ఉంచాం.

మజ్జిగకు సీజన్ మొత్తం 4,400. నీళ్లు మోసిన ఆటోకు 2,100.
మొత్తం: 26,700 రూపాయలు. నీళ్లు: సుమారు 20,000 లీటర్లు. మజ్జిగ తీసేస్తే లీటరుకు రూపాయి పది పైసలు దాటింది.

ఎత్తేసినప్పుడు

రోళ్లు పగిలే రోహిణి కార్తెలోనే వాడకం అన్నిటికన్నా ఎక్కువ, రోజుకు 500 లీటర్ల దాకా పోయింది. అందుకే మే నెలాఖరుకు డబ్బు అయిపోకుండా, మొదటి నెలలోనే మూడోవంతు విడిగా తీసి పెట్టుకోండి.

మృగశిర వానలు పడ్డాక విప్పాం. కుండలు రుద్ది, మూడు ఎండలు ఎండబెట్టి, గడ్డి మధ్య బోర్లించాం. ఐదింటిలో మూడు వచ్చే ఏటికి పనికొస్తాయి, రెండు మొక్కలకు ఇచ్చేశాం. నల్లాలు, స్టాండు, నెట్, గ్లాసులు వెనక షాపాయన గోదాములో ఉన్నాయి.

వచ్చే ఏడు మార్చబోయేవి:

1. ఉగాది దాకా ఆగం, ఎండ ముదిరితే ముందే తెరుస్తాం.
2. పెద్దమ్మకు జీతం 5,500, కూర్చోవడానికి వీపు ఆనేలా కుర్చీ, మధ్యాహ్నం రెండు గంటలు వేరే మనిషి.
3. సాయంత్రం ఆరు తర్వాత కూడా ఒక కుండ. చివరి బస్సుకు వచ్చేవాళ్లకు ఈసారి నీళ్లు దొరకలేదు.
4. ఆసుపత్రి గేటు దగ్గర రెండో చలివేంద్రం, ఇంత పెద్దది కాదు, రెండు రంజన్లతో. రోగితో వచ్చినవాళ్లు లోపలికీ బయటికీ తిరుగుతూ ఎక్కడా ఒక్క గుక్క తాగకపోవడం ఆటో అన్నలు రోజూ చూస్తున్నారు. స్టాండు కొలతలు వెల్డింగు షాపులోనే రాసి ఉన్నాయి, మాఘంలో చేయమని బయానా ఇచ్చేశాం.